బేరమాడిన ఐదు నూర్లు

మా వీధిలో వినాయక చవితి పోయిందంటే మచ్చుకత్తుల చప్పుడు మొదలవుతుంది. సత్యవేడు పేరుకి రాయలసీమే గానీ, వానల లెక్కలో మేము మద్రాసు పక్కవాళ్ళం. ఊత్తుకోట దాటితే తమిళనాడు, తడ వైపు పోతే సముద్రం. అక్టోబరు నించి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఏది పుట్టినా మా పెరట్లో మాను ఊగుతుంది. అందుకని వానలకు ముందే ఇంటింటా కొమ్మలు కొట్టించేస్తారు. ఒక మనిషిని పిలవడం, బేరమాడటం, మధ్యాహ్నానికల్లా మానుని మొండి చేసి పంపించేయడం. ఏళ్ళ తరబడి నేనూ అదే చేశాను. మనం ఈ పని చేయించే తీరే తప్పని నాకు పోయిన ఏడు తెలిసింది. అది తెలియడానికి ఒక మనిషి కాలు విరగాల్సి వచ్చింది.

మా వేపమానుని మా అత్త కాపురానికి వచ్చిన కొత్తల్లో నాటిందట. ఇప్పుడు మిద్దె దాటి పైకి పోయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు దాని కింద మంచం వేసుకోని ఆడవాళ్ళం లేము ఈ ఇంట్లో. ఉగాది పచ్చడికి వీధిలో సగం ఇళ్ళకు పువ్వు మా మానుదే. మిగిలిన పువ్వుని చేటలో ఎండబెట్టి డబ్బాకెత్తుకుంటే ఏడాది పొడుగునా వేపపువ్వు చారుకి వస్తుంది. పిల్లలకి అమ్మవారు పోసినప్పుడు రెమ్మలు, బియ్యం డబ్బాలోకి ఎండాకు, అన్నీ అక్కడినించే.

2016 డిసెంబరు 12న వర్దా తుపాను మద్రాసు దగ్గర తీరం దాటింది. ఆ నగరంలో వేల చెట్లు పడిపోయాయి, మీరంతా టీవీలో చూసే ఉంటారు. ఆ గాలికి మా మానులో ఒక పెద్ద కొమ్మ విరిగి పక్కింటి రేకుల మీద పడింది. మనుషులకేమీ కాలేదు, కానీ రేకుల డబ్బు ఇచ్చుకున్నాం, మాటలు కూడా పడ్డాం. ఆ రోజు నించి మా ఇంట్లో ఒక నియమం వచ్చేసింది. ఏడాది విడిచి ఏడాది మానుని మొండి చేయించాల్సిందే. నాలుగు పెద్ద కొమ్మలు భుజాల దాకా నరికేస్తారు, ఒక్క ఆకు ఉండదు. రెండు నెలలు తిరిగేసరికి ఆ నరికిన చోట గుత్తులు గుత్తులుగా చివుర్లు. "చూడు, ఎంత గుబురుగా వచ్చిందో, కొడితేనే మానుకి బలం" అని మురిసిపోయేవాళ్ళం.

అది బలం కాదు, ఆకలి. చెట్టుకి వంట చేసేది ఆకు. ఆకంతా ఒక్కసారిగా తీసేస్తే అది వేళ్ళలోనూ కాండంలోనూ దాచుకున్నదంతా ఖర్చు పెట్టి హడావిడిగా కొమ్మలు తోలుతుంది. ఆ కొమ్మలు లోపలి చేవలోంచి పుట్టవు, బెరడు కిందినించి పైపైన పుడతాయి. చూడటానికి ఏపుగా ఉంటాయి, పట్టు ఉండదు. 2020 నవంబరులో నివర్ తుపాను వచ్చినప్పుడు మా మానులో విరిగినవన్నీ అలా పుట్టిన కొమ్మలే. తుపానుకి భయపడి కొట్టించాం, కొట్టించినందుకే తుపానుకి విరిగింది. అప్పుడైనా మాకు బుద్ధి రాలేదు. ఇంకా కిందికి కొట్టించాల్సింది అనుకున్నాం.

పోయిన సెప్టెంబరులో ఎప్పుడూ వచ్చే మనిషే వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. ఒక మచ్చుకత్తి, ఒక పాత మోకు, నడుముకి బిగించిన తువ్వాలు, అంతే. మాను చుట్టూ తిరిగి చూసి, "పదైదు నూర్లు ఇయ్యమ్మా, ఈసారి కష్టం జాస్తి" అన్నాడు. నేను వెయ్యి అన్నాను. కట్టెలు కూడా నువ్వే తీసుకో పో అన్నాను, అదేదో దానం చేస్తున్నట్టు. అతను నవ్వి ఎక్కాడు. ఆ మోకు నరికిన కొమ్మలు కట్టి దించడానికే. అతన్ని మానుకి కట్టేదేమీ లేదు, అది అడగాలని నాకు తోచనూ లేదు.

కాఫీ కలుపుతా ఉంటే చప్పుడు వినిపించింది. కొమ్మ పడిన చప్పుడు వేరే, ఇది వేరే. పరిగెత్తుకుని పోయి చూస్తే గోడ పక్కన కూలబడి ఉన్నాడు, మడమ పట్టుకుని. "ఆ మొండి మింద కాలు పెడితే పుటుక్కుమనేసిందమ్మా" అన్నాడు. తర్వాత ఆ మొండిని నేను దగ్గరినించి చూశాను. పైన బెరడు బాగానే ఉంది, లోపలంతా గోధుమ రంగు పొట్టు, వేలితో గీకితే రాలిపోతోంది. రెండు మూడు తడవల కింద మేము నరికించిన చోటే అది. ఆ గాయంలో నీళ్ళు నిలిచి, కుళ్ళు దిగి, చివరికి అతని కాలి కింద విరిగింది.

తిరుపతికి తీసుకుపోయారు. మడమ ఎముక నుజ్జయింది, ముంజేయి కూడా విరిగింది. మేము ఖర్చుకి ఇచ్చాం, ఎంతో చెప్పను, ఎంతిచ్చినా అది తక్కువే. పది రోజులకి అతని భార్య వచ్చింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు. "మీ తప్పేముందక్కా, మా గాచారం. ఇంక ఎక్కకూడదు అన్నారంట డాక్టర్లు. ఏమి చేసేది" అని వాకిట్లోనే కూర్చుని కాసేపు ఆ మాను పైకి చూసింది. నేను ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టిపోయింది. ఆ కడిగి పెట్టిన గ్లాసు నన్ను చాలా రోజులు వదల్లేదు.

మనం బంగారం కొట్లో తరుగు ఎంతని గట్టిగా అడగం, చీరల షాపులో రేటు చీటీ చూసి నోరు మూసుకుంటాం. ముప్పై అడుగుల పైకి ఒట్టి కాళ్ళతో ఎక్కేవాడి దగ్గరే ఐదు నూర్లు తగ్గిస్తాం. ఇంటి ఖర్చు నా చేతిలో ఉంది కాబట్టి బేరమాడింది నేనే. ఇది మా ఆయన మీదకి తోసేసే వీలు లేదు.

ఆ తర్వాత కూర్చుని చదివాను. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, వృక్షశాస్త్రం నాకు కొత్త. అమెరికా అటవీ శాఖలో అలెక్స్ షైగో అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన వేలాది చెట్లని నిలువునా రంపంతో కోసి, లోపల గాయాలు ఏమయ్యాయో చూశాడు. ఆయన చెప్పిందేమంటే, మన ఒంటి మీద గాయం మానినట్టు చెట్టు గాయం మానదు. దెబ్బతిన్న భాగాన్ని చెట్టు చుట్టూ గోడలు కట్టి వేరు చేసేస్తుంది, ఆ పైన కొత్త చెక్క పెంచుకుని కప్పేసుకుంటుంది. లోపలి దెబ్బ లోపలే ఉంటుంది. మాను గాయం మానదు, తెలుగులో చెప్తే ఆటమాటలా ఉంది గానీ నిజం అదే.

ఆ గోడ కట్టుకోవడానికి చెట్టుకి ఒక చోటు ఉంది. కొమ్మ కాండంలో కలిసే దగ్గర కాస్త ఉబ్బెత్తుగా, మెడ చుట్టూ ముడతల్లాగ ఉంటుంది. రేపు మీ పెరట్లో చూడండి, వేపకీ మామిడికీ బాగా తెలుస్తుంది. కొయ్యాల్సింది ఆ ఉబ్బుకి సరిగ్గా బయట. కాండానికి చదునుగా చెక్కేస్తే ఉబ్బు పోతుంది, చెట్టు గోడ కట్టలేదు. మా ఇంట్లో లాగ రెండు మూడడుగుల మొండి వదిలేస్తే అది ఎండి కుళ్ళుతుంది. పెద్ద కొమ్మైతే ఒకే కోత పనికిరాదు. ముందు కాండానికి అడుగున్నర దూరంలో కిందినించి కొంచెం కోత, దానికి కాస్త అవతల పైనించి కోత. అప్పుడు కొమ్మ బరువుకి బెరడు చీల్చుకుంటూ పోకుండా విరిగి పడుతుంది. మిగిలిన ముక్కని ఆఖర్న ఉబ్బు దగ్గర కోయాలి. ఇదంతా రంపం పని. మచ్చుకత్తితో జరగదు. కత్తితో కొట్టాలంటే ఒక చెయ్యి ఎప్పుడూ గాల్లో ఉంటుంది, మాను పట్టుకునే చెయ్యి ఒకటే మిగుల్తుంది.

కోసిన చోట తారు పూయడం, పేడ మెత్తడం కూడా కుళ్ళుని ఆపవని ఆయనే తేల్చాడు. మా అత్తకి ఈ మాట చెప్తే ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోదు. సరే.

ఒక్క తడవకి పచ్చి ఆకులో పావు వంతుకి మించి తీయకూడదని కూడా చదివాను. మేము తీసింది పదహారణాలు.

మన భాష గురించి ఒక మాట. చెట్టు విషయంలో మనకి నోటికొచ్చే మాటలు కొట్టడం, నరకడం, తెగేయడం. మునగకైతే తల కొట్టేయమంటాం. కత్తిరింపులు అనే మాట వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఉంటుంది గానీ మామిడి తోట ఉన్నవాళ్ళు తప్ప ఇంట్లో ఎవరూ వాడరు. పూర్వం మనవాళ్ళకి చెట్టు బాగోగులు పట్టలేదని కాదు. సురపాలుడి 'వృక్షాయుర్వేదం' ఉంది. దాని రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లో ఉంటే తెప్పించి, నళిని సాధలే గారి ఇంగ్లీషు అనువాదంతో 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ వాళ్ళు అచ్చువేశారు. అందులో చెట్లకి కూడా వాత పిత్త కఫాలు చెప్పి, రోగానికొక వైద్యం రాశాడు. అంటే ఒకప్పుడు చెట్టుకి వైద్యుడు ఉండేవాడు. ఇప్పుడు కొట్టేవాడు ఒక్కడే ఉన్నాడు.

ఇప్పుడూ చేయగలం, పేరున్న చెట్టైతే చాలు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మ కూలితే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు, వాలిన కొమ్మలకి దిమ్మెలు కట్టారు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను 5 ఎకరాలకు పైగా పాకింది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దాని లేత ఊడలు నేలకి అందేదాకా వెదురు బొంగుల్లో పెట్టి దించుతారు. పసిబిడ్డ చేతులు పట్టుకుని నడిపించినట్టు. మా వేపమానుకి గిన్నిస్ అక్కర్లేదు, మూడు కోతలు తెలిసిన మనిషి చాలు.

తెలియకపోతే ఏమవుతుందో 2021లో చూశాం. తెలంగాణంతా వేపచెట్లు కొసలనించి మాడిపోయాయి, ఆ తర్వాత మా మాను కూడా అలాగే అయింది. ఫోమాప్సిస్ అనే బూజు తెగులు అది, తేయాకు దోమ కూడా తోడైందన్నారు. చూస్తే చచ్చిపోయినట్టే ఉంటుంది. మా వీధిలో ఒకాయన నిజంగానే చచ్చిపోయిందనుకుని మొదలంటా కొట్టించేశాడు. ఎండిన కొసలు కత్తిరించి తగలబెట్టి, కార్బెండజిమ్ కొట్టమని శాస్త్రవేత్తలు చెప్పారు. ఏమీ చేయకుండా వదిలేసిన చెట్లు కూడా చాలావరకు మళ్ళీ చిగిర్చాయి. మా మాను అలా బతికిందే.

ఒక నిజం ఒప్పుకోవాలి. చెట్టు కొట్టించాలనే మాట మన ఇళ్ళల్లో ఎక్కువసార్లు తుపాను భయంతో రాదు. ఆకు ఊడవలేక వస్తుంది. మాఘం, ఫాల్గుణంలో వేప రాల్చే ఆకు ఎంతో ఊడ్చేవాళ్ళకే తెలుసు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మిద్దె పైన నీళ్ళు పోయే తూములో ఇంకోసారి. ఆ చీపురు మగవాళ్ళ చేతికి రాదు కాబట్టి "చెట్టంటే ప్రాణం" అని వాళ్ళు సులువుగా అనేస్తారు. నడుము నొప్పితో ఊడ్చే ఆడది చెట్టు వద్దంటే ఆమె మీద నాకు కోపం రాదు. ఆమెకి నేను చెప్పేది ఒకటే, మొండి చేయిస్తే ఊడ్పు తగ్గదు. ఆ ఆకలి చివుర్లు మరుసటేడు ఇంకా ఎక్కువ ఆకు రాలుస్తాయి. ఇంటి మీదకి వాలిన కొమ్మ వరకు సరైన చోట తీయించి, ఊడ్పుకి ఇంట్లో ఇంకో మనిషిని కూడా దించండి. రెండోదే కష్టం, తెలుసు.

శ్రీసిటీ వచ్చాక మా ఊళ్ళో పెరడంటే అద్దె గది. అక్కడ పనిచేసే పిల్లలకి గదులు కావాలి, మనకి అద్దె కావాలి. అందులో తప్పు లేదు. అయితే గదితో పాటు పెరడంతా సిమెంటు పోసేస్తున్నారు, మాను మొదలుని ఆనుకుని. నీళ్ళు దిగవు, వేరుకి గాలి ఆడదు. వేరు బలం తగ్గిన చెట్టే గాలికి పెకలించుకు పడేది. 2013లో ఢిల్లీలో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. మేము కూడా ఈ ఎండాకాలం మాను చుట్టూ రెండు వరసల బండలు పీకించాం. ముగ్గు వేసే చోటు తగ్గిందని అత్త గొణిగింది.

ఈ ఏడు నేను మచ్చుకత్తి మనిషిని పిలవలేదు. అడగ్గా అడగ్గా మద్రాసు వైపునించి ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు. నెత్తికి హెల్మెట్లు, నడుముకి తొడలకి పట్టీలు, పై కొమ్మకి ఒక తాడు వేసి దానికి తమని తగిలించుకుని ఎక్కారు. వచ్చీ రాగానే కొయ్యలేదు. అరగంట మాను చుట్టూ తిరిగి సుత్తితో తట్టి విన్నారు, ఎక్కడ డొల్లగా మోగుతుందో అని. గూడు ఉందా అని చూశారు. ఒక కొమ్మలో కాకి గూడు పాతది, ఖాళీదే. కుళ్ళిన మొండ్లు తీశారు, గుంపుగా పుట్టిన కొమ్మల్లో ఒకటి రెండు బలమైనవి ఉంచి తక్కినవి పలచన చేశారు. పక్కింటి వైపు వాలిన కొమ్మని సగానికి తగ్గించి, చిన్న కొమ్మ చీలే చోట ఆపారు. పని అయ్యాక చూస్తే కొట్టించినట్టే లేదు. "ఏడు వేలిచ్చి ఏం చేయించావు, మాను అట్లే ఉంది కదా" అన్నారు మా ఆయన. అట్లే ఉండటానికే ఇచ్చాను.

ఏడు వేలు మాకు తేలిక కాదు, చాలా ఇళ్ళకి అసలు కుదరదు. ఆ లెక్క నాకు తెలుసు. కానీ ఇది మూడు నాలుగేళ్ళకోసారి. ఏడాది విడిచి ఏడాది వెయ్యి, మధ్యలో రేకులు, ఒక ఆసుపత్రి, అన్నీ కూడితే చవక ఎక్కడుందో మీరే చూడండి. పైవాళ్ళు అందకపోతే మన ఊరి మనిషినే పిలవండి, కానీ రంపం, నడుముకి బెల్టు, రెండో మనిషి కింద ఉంటేనే ఎక్కమనండి. ఆ బెల్టు మనమే కొనిచ్చినా తప్పులేదు, వీధికొకటి చాలు. కరెంటు తీగల దగ్గరకి పోయిన కొమ్మైతే ఎవర్నీ ఎక్కించొద్దు, ఇనుప దోటి అసలు ఎత్తొద్దు. 1912కి ఫోన్ చేసి లైన్‌మన్ వచ్చి కరెంటు తీశాకే. మానే కొట్టేయాలనుకుంటే వాల్టా చట్టం 2002 నించి ఉంది, ముందు అనుమతి సంగతి కనుక్కోండి.

కేరళలో కొబ్బరి చెట్లెక్కేవాళ్ళు దొరక్క, కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో యువతకి యంత్రంతో ఎక్కడం నేర్పే పథకం పెట్టింది, వాళ్ళకి ప్రమాద బీమా కూడా చేయించింది. అందులో ఆడవాళ్ళు కూడా నేర్చుకుని ఎక్కుతున్నారు. మన మండలాల్లో కుట్టు మిషన్లు నేర్పినన్ని చోట్ల ఈ తాడు పని, రంపం పని ఎందుకు నేర్పకూడదు? చింత, వేప, మామిడి, కొబ్బరి లేని వీధి మన దగ్గర ఉందా? పనికి కొదవ లేదు. పొదుపు సంఘం మీటింగులో నేను ఈ మాట ఎత్తితే నవ్వారు. మళ్ళీ ఎత్తుతాను.

ఆ పడిన మనిషి ఇప్పుడు కర్ర ఊతంతో నడుస్తున్నాడు, ఒక టీ అంగట్లో కూర్చుంటాడు. కుర్రాళ్ళు వచ్చిన రోజు కబురంపితే వచ్చాడు. గోడ దగ్గర కుర్చీ వేశాను. తాడు మీద వేలాడుతున్న పిల్లాడిని చాలాసేపు చూసి, "ఆ మూడో కొమ్మ కాడ డొల్ల ఉండాది, చెప్పమ్మా వాళ్ళకి" అన్నాడు. వాళ్ళు సుత్తితో తట్టి చూశారు, ఉంది. ముప్పై ఏళ్ళ అనుభవం ఆయనది. నేను ఆ రోజుకి ఆయనకీ కూలి ఇచ్చాను. ముందు వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు.

ఇది రాస్తుంటే పక్క వీధిలో ఎవరో కొబ్బరి చెట్టుకి బేరమాడుతున్నారు. అతను ఐదు నూర్లంటున్నాడు, ఆమె మూడు నూర్లంటోంది. గొంతు మా వదిన వరస అయ్యే ఆమెదే. నేను పెన్ను పక్కన పెట్టి వెళ్తున్నాను.